పదిహేడు వేల ఫోటోలు

బందరు బుట్టాయిపేటలోని తన స్టూడియోకి ఎవరైనా వచ్చి, పదిహేనేళ్ల కిందట మా చెల్లెలి పెళ్లిలో తీసిన ఫోటో ఒకటి కావాలని అడిగితే, రత్నం కంప్యూటర్ వైపు చూసేవాడు కాదు. ఒక్క నిమిషం కళ్లు మూసుకునేవాడు. వానకు షామియానా కూలిన పెళ్లి కదూ, అనేవాడు. తర్వాత లేచి, బీరువాలో వరసగా పేర్చిన హార్డ్ డిస్కుల్లోంచి ఒకదాన్ని తీసి, దుమ్ము తుడిచి, కంప్యూటర్‌కి తగిలించి, అరగంటలో ఆ ఫోటో తెచ్చి వాళ్ల ముందు పెట్టేవాడు. వచ్చినవాళ్లు నోరు వెళ్లబెట్టేవాళ్లు. ఆ చూపు కోసమే ఆయన డిస్కుల మీద పేర్లు కూడా రాసుకోలేదని అతని భార్య రూతు నవ్వుతూ చెప్పేది.

రత్నానికి యాభై నాలుగేళ్లు. పుట్టింది దివిసీమలో, కోడూరు వెళ్లే దారిలో ఉన్న చిన్న పల్లెలో. ఫిల్ము రోజుల్లో బందరు వచ్చి ఒక స్టూడియోలో పని నేర్చుకుని, తర్వాత సొంతంగా పెట్టుకున్నాడు. ఊరు వదిలాడు గాని ఊళ్లో చర్చిని వదల్లేదు. 1992 నుంచి ఆ చర్చిలో జరిగిన ప్రతి పెళ్లి, బాప్తిస్మం, క్రిస్మస్ చెట్టు, పంటల పండుగ అతని కెమెరాలోంచే బయటికి వచ్చాయి. పాత నెగెటివ్‌లన్నీ తనే కూర్చుని స్కాన్ చేసుకున్నాడు. అన్నీ కలిపితే పదిహేడు వేల పైచిలుకు ఫోటోలు. డెబ్బై ఏడు ఉప్పెనలో ఆ పల్లెలో ఇళ్లతో పాటు గోడలకున్న ఫోటోలూ పోయాయి. ఆ తర్వాత చాలా ఏళ్లు ఎవరింట్లోనూ ఒక ఫోటో ఉండేది కాదు. అందుకని ఆ ఊరివాళ్లకు ఫోటో అంటే రత్నమే. ఆ సంగతి ఎవరూ పైకి అనకపోయినా అతనికి తెలుసు.

చర్చి కట్టి డెబ్బై ఐదేళ్లు నిండుతున్నాయని, పండుగ చేయాలని సంఘ పెద్దలు అనుకున్నప్పుడు మొదట కబురు వెళ్లింది రత్నానికే. సంఘ పెద్దల్లో పెద్దాయన జేమ్స్ గారు, హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన కోరిక ఏమిటంటే, పండుగ రోజు హాల్లో ఒక పెద్ద తెర పెట్టాలి. ఎవరైనా వచ్చి తమ పేరు చెబితే, ముప్పై ఏళ్లలో వాళ్లున్న ఫోటోలన్నీ ఆ తెర మీద వరసగా రావాలి. రత్నం విని, దానికేముందండీ, నేను పక్కన కూర్చుంటాను, ఎవరు అడిగితే వాళ్లవి తీసి చూపిస్తాను, అన్నాడు. జేమ్స్ గారు కాసేపు ఆలోచించి, మూడొందల మంది వస్తారయ్యా, మనిషికి అరగంట అంటే ఎలా కుదురుతుంది, అన్నారు. తర్వాత నెమ్మదిగా చెప్పారు, ఊళ్లో కోడలు ఒకమ్మాయి ఉంది, ఆ అమ్మాయికి ఇలాంటివి వచ్చట, అని.

ఆ అమ్మాయి కృపాకుమారి. పుట్టిల్లు గుడివాడ. అక్కడ ఒక కలర్ ల్యాబ్‌లో ఆరేళ్లు ఆల్బమ్ డిజైన్లు చేసింది. భర్త గిలకలదిండి హార్బరులో ఐసు ఫ్యాక్టరీ సూపర్‌వైజరు, వారానికొకసారి ఊరికి వస్తాడు. ఆమె అత్తగారితో, ఎల్‌కేజీ చదివే కూతురితో పల్లెలోనే ఉంటుంది. ముప్పై దాటని మనిషి. కెమెరా పట్టుకోగా రత్నం ఎప్పుడూ చూడలేదు.

జేమ్స్ గారు హెడ్మాస్టరు బుద్ధి పోనిచ్చుకోకుండా ఒక పరీక్ష పెట్టారు. రత్నం దగ్గరున్న వాటిలోంచి ఎనిమిది వందల ఫోటోలు ఇద్దరికీ ఇస్తారు. మూడు వారాల్లో ఎవరికి నచ్చిన సాఫ్ట్‌వేర్‌లో వాళ్లు వాటిని సర్ది, బాగుచేసి తేవాలి. ఏది బాగుంటే మొత్తం పని అందులో చేయాలి.

రత్నం పద్దెనిమిదేళ్లుగా ఫోటోషాప్‌లో పని చేస్తున్నాడు. ఒక్కో ఫోటోను బాగుచేయడంలో బందరులో అతన్ని మించినవాడు లేడు. కాని సర్దడానికి ఏది వాడాలో అతనికి తెలీదు. ఫోటోగ్రాఫర్ల వాట్సాప్ గ్రూపులో అడిగితే ఇరవై మంది ఇరవై పేర్లు చెప్పారు. గుడివాడలో పెళ్లిళ్లు తీసే నరేంద్ర అతని పాత స్నేహితుడు. అతనికి ఫోన్ చేస్తే, అందరం లైట్‌రూమే వాడుతున్నాం బావా, ఇంకోదాని జోలికి వెళ్లకు, అన్నాడు. రత్నం అది పెట్టించుకున్నాడు. మొదటి నాలుగు రోజులు తిట్టుకున్నాడు. ఐదో రోజు దాని రుచి తెలిసింది. రంగు వెలిసిపోయిన ఒక పెళ్లి ఫోటోను సరిచేసి, అదే సవరణను ఆ పెళ్లిలోని మిగతా వంద ఫోటోలకూ ఒక్కసారే వేయొచ్చు. పసుపు తిరిగిన ముఖాలు మళ్లీ మనుషుల రంగులోకి వచ్చాయి. ఫోటోలకు పేర్లు తగిలించే చోటు కూడా అందులో ఉంది. రత్నం దాన్ని చూశాడు, కాని అది గుమాస్తా పని అనిపించి వదిలేశాడు. ఎవరెవరో తనకు తెలుసు కదా.

పరీక్ష ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి పక్క హాల్లో జరిగింది. మొదట రత్నం తన ఫోటోలు చూపించాడు. జనం బెంచీల మీద ముందుకు వంగారు. ముప్పై ఏళ్ల కిందటి చీరల రంగులు మళ్లీ కనబడేసరికి ఆడవాళ్లు ఒకరికొకరు చూపించుకున్నారు. రత్నానికి కడుపు నిండిపోయింది. తర్వాత జేమ్స్ గారు, ఇప్పుడు లీలావతమ్మ ఫోటోలు చూపించండి, అన్నారు. లీలావతమ్మ స్త్రీల సమాజం అధ్యక్షురాలు, ముందు బెంచీలోనే కూర్చుని ఉంది. రత్నం కళ్లు మూసుకుని, గుర్తు తెచ్చుకుని, పావుగంటలో నాలుగు ఫోటోలు తీశాడు.

కృప వచ్చి తన ల్యాప్‌టాప్ తెరిచింది. లీలావతి అని టైపు చేసింది. తెర మీద ఇరవై మూడు ఫోటోలు వచ్చాయి. ముప్పై ఏళ్ల వయసులో జడ వేసుకున్న లీలావతి మొదలు, కళ్లజోడు పెట్టుకున్న లీలావతి, కర్ర పట్టుకున్న లీలావతి దాకా, సంవత్సరాల వరసలో. కొన్నింట్లో ఆమె ఎవరి భుజం వెనకో చిన్నగా ఉంది. రంగులు అలాగే వెలిసి ఉన్నాయి, కృప వాటిని ముట్టుకోలేదు. అయినా ఎవరూ తెర మీంచి చూపు తిప్పలేదు. లీలావతమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఆ తర్వాత అందరూ ఒకేసారి లేచి, మాది చూపించమ్మా, మా నాన్నది చూపించమ్మా, అంటూ కృప చుట్టూ చేరారు. ప్రొజెక్టర్ పక్కన రత్నం ఒక్కడే మిగిలాడు. ఆ ఇరవై మూడు ఫోటోలూ తను తీసినవే. ఆ మాట ఎవరికీ గుర్తు రాలేదు.

ఏ సాఫ్ట్‌వేర్ వాడావమ్మా అని జేమ్స్ గారు అడిగారు. డిజీక్యామ్ అని ఉచితంగా దొరుకుతుందని, ముఖాలను పోల్చి ఒకచోట చేరుస్తుందని, పొరపాటు పడ్డవి తను చూసి సరిచేసుకుంటానని ఆమె చెప్పింది.

"ఉచితమని ఎంచుకోలేదండీ. ఇందులో పెట్టిన పేరు ఫోటో ఫైల్లోనే రాసుకునేలా పెట్టాను. రేపు నేను లేకపోయినా, ఈ సాఫ్ట్‌వేరే లేకపోయినా, ఇంకోదాంట్లో తెరిస్తే పేరు ఉంటుంది."

జేమ్స్ గారు తల పంకించి రత్నం వైపు తిరిగారు. "రత్నం, నీ బుర్రలో ఉన్నదంతా ఇక ఈ అమ్మాయికి అప్పజెప్పాలయ్యా" అన్నారు. ఆయన మంచిమాటగానే అన్నారు. రత్నానికి మాత్రం ఆ మాట ఇంటికి వెళ్లే బస్సులో అవనిగడ్డ దాటినా, బందరు చేరినా వదల్లేదు.

అలా కృప సాఫ్ట్‌వేర్‌లోకే మొత్తం పదిహేడు వేల ఫోటోలూ ఎక్కాయి. పేర్లు పెట్టడం కృప పని, రంగులు బాగుచేయడం రత్నం పని. చర్చి ఆఫీసు గదిలో ఒక కంప్యూటర్ పెట్టారు. వారానికి మూడు రోజులు రత్నం బందరు నుంచి వెళ్లి ఆమె పక్కన కూర్చునేవాడు. ఆమె అతన్ని మావయ్యగారూ అని పిలిచేది, అతను రాగానే కుర్చీ తుడిచి వేసేది. తప్పు పట్టడానికి ఏమీ దొరికేది కాదు. అదీ అతనికి కష్టంగానే ఉండేది.

ఒక రోజు ఒక క్రిస్మస్ ఫోటో చూసి, ఇది 2004 అని రత్నం చెప్పాడు. కృప రాయబోయి ఆగింది. వెనక గోడ నీలంగా ఉంది మావయ్యగారూ, నీలం రంగు వేసింది 2006లో అని చర్చి మినిట్స్ పుస్తకంలో చూశాను, అంది. అతను కళ్లు మూసుకుని ఆలోచించాడు. ఆమె చెప్పిందే నిజం. ముప్పై ఏళ్లలో అతని జ్ఞాపకం తప్పని ఒకరు ఎత్తి చూపడం అదే మొదలు. ఆమె దాన్ని గెలుపుగా తీసుకోలేదు. 2006 అని రాసుకుని తర్వాతి ఫోటోకి వెళ్లిపోయింది.

రత్నం ఇంట్లో తన కంప్యూటర్‌లో ఎవరికీ చెప్పకుండా అదే సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నాడు. ఆమెకు వచ్చిన పని తనకెందుకు రాదో చూద్దామనుకున్నాడు. అది తన మేనల్లుడి ముఖాన్ని పెళ్లికూతురి తండ్రి ముఖమని చూపించేది. ఎక్కడ నొక్కితే ఏం జరుగుతుందో తెలియక పేర్లన్నీ కలగాపులగం అయ్యేవి. కృపను అడిగితే రెండు నిమిషాల్లో చెప్పేది. అడగలేదు. రూతు వెనక నుంచి చూసి, ఆ పిల్ల చేస్తున్నదే కదూ ఇది, చక్కటి పిల్ల, అంది. రత్నం స్క్రీన్ ఆపేసి, అన్నం పెట్టు, అన్నాడు.

పండుగకు వారం ముందు ఆదివారం పాస్టరు అయ్యగారు ప్రార్థనలో పండుగ పనులన్నీ దేవునికి అప్పగిస్తూ, ఫోటోల పనిని భుజాన వేసుకున్న సహోదరి కృపాకుమారి కోసం, ఆమెకు సహాయం చేస్తున్న రత్నం కోసం దేవునికి స్తోత్రాలు చెల్లించారు. అందరూ ఆమేన్ అన్నారు. రత్నం నోరు తెరవలేదు. సహాయం అనే మాట అతని చెవుల్లో ఉండిపోయింది.

ఆ మంగళవారం మధ్యాహ్నం జరిగింది అసలు సంగతి.

ఊళ్లో దీనమ్మ, సువార్త అని ఇద్దరు అక్కచెల్లెళ్లు ఉండేవాళ్లు. రెండేళ్ల తేడా. ఒకే ముక్కు, ఒకే నవ్వు. దూరం నుంచి ఊరివాళ్లే పొరబడేవాళ్లు. దీనమ్మ మూడేళ్ల కిందట పోయింది. సాఫ్ట్‌వేర్ వాళ్లిద్దరినీ ఒకే మనిషిగా చూపించింది. కృప లీలావతమ్మను పిలిపించుకుని, ఒక పూటంతా కూర్చుని, ఒక్కో ఫోటో అడిగి ఇద్దరినీ విడదీసింది. సువార్తవి ముప్పై ఎనిమిది, దీనమ్మవి అయిదు తేలాయి.

ఆ మధ్యాహ్నం కృప పాపను స్కూలు నుంచి తీసుకురావడానికి వెళ్లింది. గదిలో రత్నం ఒక్కడే ఉన్నాడు. తెర మీద ఆ అక్కచెల్లెళ్ల ఫోటోలే తెరిచి ఉన్నాయి. పండుగ రోజు అందరి ముందూ ఈ సాఫ్ట్‌వేర్ ఒక్కసారి తప్పు చూపిస్తే ఎలా ఉంటుందా అని అతనికి అనిపించింది. ఒక్కటి చాలు. సువార్త స్వయంగా, ఇది మా అక్క కాదే, నేను కదా, అంటుంది. అప్పుడు అందరికీ తెలుస్తుంది, మనిషికి తెలిసినట్టు యంత్రానికి తెలియదని. సువార్త ఫోటోలన్నీ ఎంచి దీనమ్మ పేరు పెట్టాడు. దీనమ్మవి అయిదింటికి సువార్త పేరు పెట్టాడు. ఇంట్లో ఎన్ని రోజులు తంటాలు పడ్డా రాని పని ఇక్కడ అయిదు నిమిషాల్లో అయిపోయింది. తర్వాత బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. కృప పాపతో తిరిగి వచ్చి, టీ తాగారా మావయ్యగారూ, అని అడిగింది.

మళ్లీ సరిచేద్దామని అతను రెండుసార్లు అనుకున్నాడు. గురువారం ఆమె కంప్యూటర్ ముందు నుంచి కదల్లేదు. శనివారం కదిలింది, భోజనానికి వెళ్లింది. రత్నం తెర ముందు కూర్చుని, మౌస్ మీద చెయ్యి వేసి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

పండుగ ఆదివారం ఊరు నిండిపోయింది. గుడివాడ నుంచి, విజయవాడ నుంచి బంధువులు వచ్చారు. మధ్యాహ్నం బయట షామియానా కింద భోజనాలు మొదలయ్యేసరికి హాలు కొంచెం పలచబడింది. అప్పుడు సువార్తమ్మ వచ్చింది. అరవై రెండేళ్ల మనిషి. మోపిదేవిలో కొడుకు దగ్గర ఉంటుంది. కొడుకు అక్కడ యాత్రికుల ఆటో నడుపుతాడు. కళ్లకు పొరలు కమ్మి, ఆపరేషన్ కోసం చూస్తోంది. మనవరాలు నవ్యశ్రీ చెయ్యి పట్టుకుని తెచ్చి తెర దగ్గరగా కూర్చోబెట్టింది. రత్నం కెమెరా మెడలో వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు.

తన ఫోటోలు వద్దంది ముసలావిడ. మా అక్క దీనమ్మను చూపించమంది.

కృప టైపు చేసింది. తెర నిండా సువార్త యౌవనం పరుచుకుంది. రత్నం ఆమె మాట కోసం చూశాడు. ఇప్పుడంటుంది, ఇది నేను కదా అని. సువార్తమ్మ కుర్చీలోంచి లేచి, తెర మీద ముక్కు ఆనేంత దగ్గరికి వెళ్లింది. ఆకుపచ్చ చీర కట్టుకుని, చర్చి మెట్ల మీద నవ్వుతున్న ఒక ఫోటోను వేలితో తడిమింది.

"ఇంత అందంగా ఉండేదా మా అక్క" అంది. తర్వాత, "ఈ చీర నాది. నాకు చెప్పకుండా కట్టుకుంది చూడు" అని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

ఉప్పెన తర్వాత మళ్లీ కట్టుకున్న వాళ్ల ఇంట్లో ఒక మంచి అద్దం కూడా ఉండేది కాదు. తను ఆ వయసులో ఎలా ఉండేదో ఆమెకు తెలియదు. నవ్యశ్రీకి అంతకన్నా తెలియదు. ఆ పిల్ల ఫోన్ తీసి తెర మీది ఫోటోను తీసుకుంది. కృప చెయ్యి మౌస్ మీదే ఆగిపోయి ఉంది. ఆమె ఏదో అనబోయి, ముసలావిడ భుజాల వైపు చూసి, మానుకుంది. తర్వాత తలుపు వైపు చూసింది. రత్నం కెమెరా కంటికి ఆనించుకుని దేన్నో తీస్తున్నట్టు పక్కకు తిరిగాడు.

సాయంత్రం జనం వెళ్లిపోయాక, ఆఫీసు గదిలో వైర్లు చుడుతూ కృప నెమ్మదిగా అంది.

"మావయ్యగారూ, సువార్తమ్మగారి ఫోటోలన్నింటి మీదా మార్చిన తేదీ మంగళవారం అని చూపించింది. మధ్యాహ్నం రెండూ నలభై."

"సాఫ్ట్‌వేర్ పొరపాటు పడి ఉంటుంది."

"పడుతుందండీ. పడితే అక్కడొకటి ఇక్కడొకటి పడుతుంది. ఇలా ఇద్దరి పేర్లూ పూర్తిగా తారుమారు చేయదు. ఆ టైముకి నేను పాప స్కూలు దగ్గర ఉన్నాను."

రత్నం కుర్చీలో కూర్చున్నాడు. నేనే మార్చాను, అన్నాడు.

ఎందుకని ఆమె అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెప్పేవాడు. జేమ్స్ గారికి చెప్పావా అని తనే అడిగాడు. ఆయనకెందుకండీ, అందామె. పేర్లు ఇప్పుడే సరిచేశానని చెప్పింది.

"ఆవిడకు మాత్రం చెప్పాలి. నేను వెళ్తే పొరపాటు జరిగిందని చెప్పాలి, అది అబద్ధం. మీరే వెళ్లండి."

మర్నాడు రత్నం స్టూడియో తెరవలేదు. దీనమ్మ ఫోటోలు అయిదూ ముందు పెట్టుకున్నాడు. ఇంట్లో పెట్టుకున్న ఆ సాఫ్ట్‌వేర్‌తో మిగతా వేలన్నీ వెతికించాడు. ఆ అయిదే వచ్చాయి. అప్పుడు దాన్ని పక్కన పెట్టి, ఒక్కొక్క పెళ్లి, ఒక్కొక్క పండుగ తనే తిప్పుకుంటూ పోయాడు. పొద్దు వాలేలోగా ఇంకో రెండు దొరికాయి. ఒకదాంట్లో ఆమె వీపే కనబడుతోంది. ఎడమ భుజం కొంచెం వంచి నిలబడేది దీనమ్మ. రత్నానికి ఆ భుజం తెలుసు. రెండోదాంట్లో ముఖం సగమే, అదీ మసకగా ఉంది. ఈమధ్య వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ మసక ముఖాలను స్పష్టం చేస్తుందని విని ప్రయత్నించి చూశాడు. నున్నటి ముఖం ఒకటి వచ్చింది. కళ్లు, పెదాలు అన్నీ ఉన్నాయి, దీనమ్మ లేదు. దాన్ని తీసేసి, మసక అలాగే ఉంచి, వెలుగు మాత్రం కొంచెం పెంచాడు. రూతు వచ్చి, ఎవరిదండీ ఇంత జాగ్రత్తగా చేస్తున్నారు, అంది. అప్పుడు ఆమెకు మొత్తం చెప్పాడు. మర్నాడు పొద్దున్నే రూతు బస్సుకు టిఫిన్ కట్టి ఇచ్చింది.

మోపిదేవిలో సువార్తమ్మ కొడుకు ఇల్లు గుడి దారికి రెండు వీధుల అవతల ఉంది. ఆమె వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. అతని గొంతు గుర్తుపట్టి, రా రత్నం, అంది. అతను నిలబడే చెప్పాడు. ఫోటోల్లో ఉన్నది మీ అక్క కాదు పిన్నీ, నువ్వే, అన్నాడు. పేర్లు నేనే మార్చాను, అన్నాడు.

"ఎందుకు చేశావు?"

"ఆ అమ్మాయికి చెడ్డపేరు రావాలని."

"వచ్చిందా?"

"లేదు."

ఆమె తల ఊపింది. వీధిలో ఆటోలు వెళ్తున్నాయి. అప్పుడు ఆమె అన్న మాటలు రత్నం ఎవరికీ చెప్పుకోలేకపోయాడు, ఒక్క రూతుకు తప్ప.

"రెండ్రోజుల నుంచి మా అక్క నా చీర కట్టుకుందని అందరికీ చెప్తున్నాను. మనసుకి ఎంత హాయిగా ఉందో. ఆవిడ బతికుండగా నాది ఏదీ ముట్టుకోలేదురా. నేనే ఆవిడవన్నీ తీసుకున్నాను."

రత్నం కవరు తీసి ఏడు ఫోటోలూ ఆమె చేతిలో పెట్టాడు. ఆమె ఒక్కోటి కళ్లకు ఆనించుకుని చూసింది. వీపు కనబడే ఫోటో దగ్గర ఆగి, ఇది అక్కే, అంది. మళ్లీ మొదటి నుంచి చూసింది. అన్నింట్లోనూ దీనమ్మ ఏదో ఒక మూల ఉంది. చేతిలో పళ్లెమో గరిటో ఉంది. ఒక్కదాంట్లో కూడా కెమెరా వైపు చూడలేదు.

"ముప్పై ఏళ్లు తీశావు. మా అక్క ఏడింట్లోనే ఉందా?"

"ఆవిడ ఎప్పుడూ వంటల దగ్గర ఉండేది పిన్నీ."

"వంటల దగ్గరికి నువ్వు రాలేదా?"

"అన్నానికి వచ్చాను" అన్నాడు రత్నం.

ఆమె ఫోటోలు ఒడిలో పెట్టుకుంది. క్షమించానని అనలేదు, వెళ్లిపొమ్మనీ అనలేదు. నవ్యశ్రీ మంచినీళ్లు తెచ్చి ఇస్తే తాగి, అతనే లేచాడు. గుమ్మం దాటుతుండగా, ఆ పచ్చచీర ఫోటో కూడా ఒకటి పంపు, ఎలాగూ నాదే కదా, అంది ముసలావిడ.

అక్కడి నుంచి అతను నేరుగా పల్లెకు వెళ్లాడు. చెప్పేశానని కృపతో అన్నాడు. ఆమె సరేనండీ అంది. కొత్తగా దొరికిన రెండు ఫోటోలు ఇచ్చి, ఇవి దీనమ్మవి, అన్నాడు. ఆమె వీపు ఫోటోను తిప్పి తిప్పి చూసింది. ఎలా తెలిసింది మావయ్యగారూ, అని అడిగింది. భుజం సంగతి చెప్పాడు. ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని, ఇలాంటివి ఇంకా ఎన్ని ఉంటాయండీ, అంది. ముఖం కనబడనివి, పక్కకు తిరిగినవి, సాఫ్ట్‌వేర్ ఎవరూ లేరని వదిలేసినవి మూడు వేల దాకా ఉన్నాయి. పండుగ అయిపోయినా వాళ్లిద్దరూ ఇంకో రెండు నెలలు ఆ గదిలో కూర్చున్నారు. ఆమె చూపించేది, అతను పేరు చెప్పేవాడు. ఆమె అతనికి సాఫ్ట్‌వేర్ నేర్పింది. వెలిసిన రంగును వెనక్కి తేవడం అతను ఆమెకు నేర్పాడు. నేర్పుతున్నప్పుడు ఆమె చెయ్యి తన చేతికన్నా త్వరగా తిరుగుతోందని చూసి, ఒకటి రెండు రోజులు ఏదో పని ఉందని వెళ్లడం మానేశాడు. మళ్లీ వెళ్లాడు.

ఆమె ఆ మంగళవారం సంగతి ఎవరితోనూ అనలేదు. అత్తగారికి కూడా చెప్పలేదని తర్వాత రత్నానికి తెలిసింది. అందుకు కృతజ్ఞత కలగాలని అతను ఎంతో ప్రయత్నించాడు. కలిగింది కూడా. కాని దాని వెనకే, ఆమె స్థానంలో నేనుంటే ఊరంతా చెప్పేవాణ్ని కదా అన్న ఆలోచన వచ్చి, ఇందులోనూ ఆమే ముందుందని కడుపులో మండేది. ఈ మాట అతను రూతుకు చెబితే, ఆవిడ కూరగాయలు తరుగుతూ, ఉండనివ్వండి, అది ఒక్కరోజులో పోయేది కాదు, అంది.

వేసవి మొదట్లో గుడివాడలోని ఒక సంఘం వాళ్లు ఫోన్ చేశారు. తమ దగ్గర నలభై ఏళ్ల ఫోటోలు ట్రంకు పెట్టెల్లో ఉన్నాయని, వచ్చి చూడమని. ఫోన్ వచ్చింది కృపకు. మేమిద్దరం వస్తామండీ అని ఆమె చెప్పడం రత్నం గుమ్మంలోంచి విన్నాడు. నాకెందుకు చేయలేదు ఫోన్ అన్నదే అతనికి మొదట వచ్చిన ఆలోచన.

ఇద్దరూ వెళ్లారు. అక్కడి సంఘ పెద్ద కుర్చీలు వేయించి, రత్నం వయసు చూసి అతనికే ముందు నమస్కారం పెట్టి, ఈ సాఫ్ట్‌వేర్ అదీ చూసేది మీరేనా అండీ, అని అడిగాడు. కృప పక్కనే నిలబడి సంచీలోంచి ల్యాప్‌టాప్ తీస్తోంది. ఆమె తల ఎత్తలేదు.

రత్నం తన ముందున్న కుర్చీని ఆమె వైపు జరిపాడు.

"కాదండీ, ఈ అమ్మాయి. నేను ఫోటోలు తీసేవాణ్ని" అన్నాడు.